డబ్బుల సంగతి ఒడ్డున మాట్లాడుకుందాం

ఐల్యాండ్ ట్రిప్ అనగానే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మూడు పార్టీలు పుడతాయి. ఒక పార్టీకి స్కూబా డైవింగ్ కావాలి. ఇంకో పార్టీకి బీచ్‌లో కుర్చీ, చేతిలో కొబ్బరి బోండాం చాలు. మూడో పార్టీ, మామూలుగా ఏ బాబాయో మావయ్యో, ‘బోటు మాట్లాడుకుని చేపల వేటకి పోదాం’ అంటారు. ఎంత చర్చ జరిగినా చివరికి గెలిచేది మూడో పార్టీయే. ఈత రాకపోయినా పర్లేదు, పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ ఎక్కొచ్చు. పైగా చేప పట్టుకుని ఫొటో దిగితే బాబాయ్ డీపీ ఏడాది దాకా మారదు.

ఈ వారం ఆ మూడో పార్టీ గురించే. చేపలు ఎలా పట్టాలో నేను చెప్పను, దానికి యూట్యూబ్ ఉంది. బోటు నడిపే మనిషి నోట్లోంచి వచ్చే ఒకే ఒక్క మాట గురించి చెప్తా. ఆ మాట ‘వద్దు’.

అక్కడా మనోళ్లే

మనవాళ్లు ఐల్యాండ్ అంటే ముందు చూసేది అండమాన్ వైపే. పాస్‌పోర్ట్ అక్కర్లేదు. రూపాయల్లోనే ఖర్చు. ఓపిక ఉంటే వైజాగ్‌లో ఓడ కూడా ఎక్కొచ్చు, రెండు రోజుల పైన పడుతుంది. దిగాక ఇంకో ఆశ్చర్యం. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు) జంగ్లీఘాట్ రేవు వైపు వెళ్తే, చేపల బుట్టల మధ్య తెలుగు వినిపిస్తుంది. అది కూడా అచ్చం శ్రీకాకుళం, విశాఖ తీరాల యాస. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. అంటే ఎనిమిది మందిలో ఒకరు. వాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల వాళ్లు.

మొన్న డిసెంబర్ చివర్లో మేం వెళ్లినప్పుడు దొరికిన సరంగు కూడా అలాంటి ఇంట్లో పుట్టినవాడే. తాత అక్కడి నుంచి వచ్చాడట. తను పుట్టింది, పెరిగింది ఇక్కడే. పిల్లలతో హిందీ, మాతో తెలుగు, సముద్రంతో ఏదో మూడో భాష. ఆ ఒక్క పూటలో మూడుసార్లు మాకు ‘వద్దు’ అన్నాడు. మూడుసార్లూ మా బాబాయ్‌కి కోపం వచ్చింది.

మొదటి ‘వద్దు’: ఏడో మనిషి

మేం ఏడుగురం. బోటులో ప్రయాణికులకి ఆరే సీట్లు. బాబాయ్ తన బేరం టాలెంటంతా తీశాడు. “ఇద్దరు చిన్నపిల్లలే కదా, ఒకళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం” అన్నాడు.

సరంగు నవ్వాడు. “ఒళ్లో కూకున్నా మనిసి మనిసే బాబూ. పడవకి ఒడి తెలీదు, బరువే తెలుస్తాది.”

చివరికి మా పెద్దమ్మ రేవులోనే ఉండిపోయింది. నిజానికి ఆవిడకి సంతోషమే. బోటు చూడగానే కడుపులో తిప్పుతోంది అని ముందే చెప్పేసింది.

మీకిది చాదస్తంలా అనిపించొచ్చు. అదే ఊళ్లో 2014 జనవరి 26న పర్యాటకుల బోటు ఒకటి మునిగిపోయి 20 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారు. మనకి ఇంకా దగ్గర్లో చూస్తే, 2017 నవంబర్‌లో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర సరదాగా బోటెక్కిన కుటుంబాలు తిరిగి రాలేదు. కచ్చులూరు రోజున గోదావరి వరద మీద ఉంది. ఎక్కినవాళ్లందరికీ అది సెలవు రోజే.

లైఫ్ జాకెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. సీటు కింద ఉన్న జాకెట్ ఎవరికీ పనికిరాదు. నీళ్లలో పడ్డాక వేసుకోవడం ఈత వచ్చినవాళ్లకే కష్టం. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే, నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందకి జారుతుంది. కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్న చిన్న సైజు జాకెట్ ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. లేదంటే వేరే బోటు చూసుకోండి. ఫొటోలో లావుగా కనిపిస్తామని జాకెట్ విప్పే అక్కలూ అన్నలూ, మీకు కూడా ఇదే మాట.

రెండో ‘వద్దు’: అరచేతి చేప

రేవు నుంచి ముప్పావు గంట వెళ్లాక, పగడపు దిబ్బ అంచున ఇంజన్ ఆపాడు. రాడ్లూ రీళ్లూ ఏమీ లేవు. నైలాన్ తాడు, చివర సీసం గుండు, గాలం, ఎరగా చేప ముక్క. తాడు వేలి మీద పెట్టుకుని కూర్చోవడమే. కింద ఏదో కొరుకుతుంటే వేలికి తెలుస్తుంది. ఫోన్ వైబ్రేషన్ కన్నా చిన్న కదలిక అది. పదకొండేళ్ల మా అన్నయ్య కూతురికే మొదటి చేప పడింది. మచ్చల గ్రూపర్, దాని అరచేయంత ఉంది.

అరుపులు, కేకలు, ఐదు ఫోన్లు బయటికొచ్చాయి. ఈలోపే సరంగు చెయ్యి తడుపుకుని, గాలం తీసి, చేపని నీళ్లలోకి వదిలేశాడు. పిల్ల మొహం మాడిపోయింది.

“ఇది ఇంకా గుడ్డు పెట్టనేదమ్మా. పెద్దదైనాక మళ్లీ నీకే పడతాది” అన్నాడు.

ఇందులో పెద్ద సైన్సు ఉంది. చాలా రకాల గ్రూపర్లు ముందు ఆడచేపలుగా ఎదుగుతాయి. బాగా పెద్దయ్యాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి. చిన్నవాటిని పట్టేస్తే గుడ్లు పెట్టే చేపలు మిగలవు. మరీ పెద్దవాటిని పట్టేస్తే మగచేపలు తగ్గిపోతాయి. ఇంకో సంగతి, ఒకే రకం చేపల్లో పెద్ద ఆడచేప చిన్నదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గుడ్లు పెడుతుంది. అందుకే మరీ చిన్నదీ వదిలేయాలి, మరీ పెద్దదీ వదిలేయాలి. మధ్య సైజువి ఒకటో రెండో రాత్రి వేపుడికి చాలు.

వదలడానికి కూడా పద్ధతి ఉంది. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీద జిగురు పొర ఊడిపోతుంది. అదే దానికి రోగాలు రాకుండా కాపాడే కవచం. అందుకే చెయ్యి తడుపుకోవాలి. ఫొటో కోసం నిమిషాల తరబడి గాల్లో ఉంచితే, వదిలాక ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించినా తర్వాత చచ్చిపోవచ్చు. బాగా లోతులోంచి గబగబా పైకి లాగిన చేపకి లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్లు బయటికొస్తాయి. దాన్ని పైన వదిలితే కిందకి వెళ్లలేక తేలుతూ ఉండిపోతుంది. వదిలేసే ఉద్దేశం ఉంటే లోతు తక్కువ ఉన్న చోటే గాలం వేయాలి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మెకనైజ్డ్ బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి వెలగడం ఎంత కష్టమో తీరం ఊళ్ల పిల్లలకి తెలుసు. మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. బతుకుతెరువు కోసం పట్టేవాళ్లే ఆగుతున్నప్పుడు, సరదా కోసం పట్టే మనం ఒక అరచేతి చేపని వదలడం ఏమంత పెద్ద త్యాగం?

అన్నట్టు, వండూర్ దగ్గరున్న మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చేపలు పట్టడం నేరం. ఒడ్డున దొరికిన పగడపు ముక్క బ్యాగులో వేసుకోవడం కూడా అంతే. 1972 వన్యప్రాణి చట్టం కింద పులితో సమానంగా దానికి రక్షణ ఉంది. ‘చచ్చిపోయిన ముక్కే కదా’ అంటే ఎయిర్‌పోర్టులో వినరు.

మూడో ‘వద్దు’: వెనక్కి పోదాం

మేం నాలుగు గంటలకి మాట్లాడుకున్నాం. గంటన్నర అయ్యేసరికి నాలుగు చేపలు పడ్డాయి, రెండు మిగిలాయి. బాబాయ్ ఊపు మీదున్నాడు. అంతలో సరంగు తాడు చుట్టేయడం మొదలుపెట్టాడు.

“గాలి మారింది బాబూ. ఎల్లిపోదాం.”

మేం చూస్తే ఆకాశం బాగానే ఉంది. దూరంగా నీళ్ల మీద ఒక నల్లగీత, అంతే. బాబాయ్ ఊరుకుంటాడా? “నాలుగు గంటలకి డబ్బులిచ్చాం కదా, ఇంకో గంట ఉందాం” అన్నాడు.

“డబ్బుల సంగతి ఒడ్డున మాటాడుకుందాం. ముందు ఒడ్డు సేరాల గదా.”

ఇంకో మాట లేకుండా ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఇప్పుడు మీరు పెద్ద తుపాను కోసం ఎదురుచూస్తున్నారు కదా? రాలేదు. రేవు చేరాక ఒక అరగంట వాన దంచింది, గాలి గట్టిగా వీచింది, తర్వాత ఎండ కాసింది. టీ తాగుతూ బాబాయ్ “చూశావా, అనవసరంగా వచ్చేశాం” అన్నాడు. పెద్దమ్మ మాత్రం పిల్లల తల తుడుస్తూ ఏమీ మాట్లాడలేదు.

అసలు చిక్కంతా ఇక్కడే. జాగ్రత్త ఫలిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే డబ్బులు దండగ అయినట్టు అనిపిస్తుంది. ఆ అరగంట గాలిలో మేం దిబ్బ దగ్గరే ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. చెప్పాల్సిన అవసరం రాకుండా చేయడమే ఆయన పని.

ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. టూరిస్టు సీజన్ కొన్ని నెలలే. ఒక ట్రిప్పు మధ్యలో ఆపితే సగం డబ్బులు పోతాయి. పైగా మన చేతిలో ఫోన్ ఉంది. ‘మోసం, నాలుగు గంటలన్నారు, రెండు గంటల్లో దింపేశారు’ అని ఒక్క స్టార్ కొడితే ఆయన వారమంతా ఖాళీ. కుర్ర సరంగైతే ఆ భయంతో ‘సరే, ఇంకో పావుగంట’ అంటాడు. ఆ పావుగంట మనం ఆయన చేత బలవంతంగా అనిపించిందే.

ముందే తెలుసుకునే దారి కూడా ఉంది. సముద్రం లేని హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్ దగ్గర, ‘ఇన్‌కాయిస్’ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. కెరటాలు ఎంత ఎత్తున లేస్తాయి, గాలి ఎటు వీస్తుంది, చేపలు ఎక్కడ దొరకొచ్చు, ఇవన్నీ ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టి మత్స్యకారులకి చెప్తుంది. సునామీ హెచ్చరికలు వచ్చేది కూడా అక్కడి నుంచే. మీ ఫోన్‌లో వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. వాతావరణ శాఖ ‘వేటకి వెళ్లొద్దు’ అని చెప్పిన రోజు మనకీ వర్తిస్తుంది.

బుక్ చేసే ముందు

ఈ నాలుగూ అడగండి. ఎంతమందికి పర్మిషన్ ఉంది? పిల్లల సైజు జాకెట్ ఉందా? ఒడ్డు నుంచి కాస్త దూరం పోతే మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి, బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉందా? గాలి మారి మధ్యలో వెనక్కొస్తే డబ్బుల లెక్క ఎలా?

నాలుగో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. అది ఒడ్డు మీద తేలిపోతే, నీళ్ల మీద సరంగుకి ‘వద్దు’ అనే ధైర్యం వస్తుంది. మధ్యాహ్నం ట్రిప్పయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. గడియారం మనదే అయినా అండమాన్‌లో సూర్యుడు మన కంటే ముందు దిగిపోతాడు. డిసెంబర్‌లో సాయంత్రం 5 దాటితే చీకటే. కోస్ట్‌గార్డ్ నంబర్ 1554 ఫోన్‌లో సేవ్ చేసుకోండి, సిగ్నల్ ఉన్నంత దూరం పనికొస్తుంది. కడుపులో తిప్పే అలవాటుంటే, డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోండి. బోటెక్కాక ఫోన్ వైపు కాకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత వైపు చూడండి.

మా సరంగు సంగతి చెప్పాలి కదా. ఒడ్డున లెక్క చూసుకుని, మిగిలిన గంటల డబ్బులు తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు. బాబాయ్ కాసేపు తటపటాయించి, అందులో సగం ఆయన జేబులోనే పెట్టేశాడు.

మీకూ అలాంటి మనిషి దొరికితే రివ్యూ రాయండి. ‘గాలి మారగానే వెనక్కి తీసుకొచ్చేశాడు’ అని రాసి, ఐదు స్టార్లు ఇవ్వండి. అది చదివి ఇంకెవరో బాబాయ్ ఆయన బోటే మాట్లాడుకుంటాడు. ఆ బోటులో ఇంకెవరో పిల్లలు కూడా ఎక్కుతారు.