అడవి పందులను కాల్చే అనుమతి: ఎక్కడ, ఎవరు, ఎలా?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు రాగానే నాకు వచ్చే ఫోన్లలో సగం అడవి పందుల గురించే. "చంపుకోవచ్చని వార్తల్లో చెప్పారు కదా సార్?" అని అడుగుతారు. ఆ వార్తను సగమే వింటే ప్రమాదం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. చేలో ఉన్న పంటను పాడుచేస్తుంటే సెక్షన్ 11 కింద అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. అక్కడ కూడా లైసెన్సు తుపాకీతోనే కాల్చాలి. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు నిషేధం. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకుంటే కేసు తప్పదు.

మన ఊళ్లలో చూస్తున్నది వేరు. మోటారు లైను నుంచి వైరు లాగి గట్టు చుట్టూ కట్టి ఇంటికెళ్లి పడుకుంటున్నారు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క చేను రైతు ఆ తీగకు తగులుతాడు. ఒక్కోసారి కట్టినవాడే మరచిపోయి కాలు పెడతాడు. సోలార్ కంచె ఇలాంటిది కాదు, సెకనుకోసారి క్షణకాలం షాకిచ్చి వదిలేస్తుంది. 230 వోల్టుల లైను పట్టుకుంటే వదలదు.

నష్టం జరిగిన రోజే ఫోటోలు తీసి, సర్వే నంబరుతో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అనుమతి వచ్చేలోపు పంట పోతుందన్న మీ కోపం న్యాయమైనదే. అందుకే వచ్చే పంటకు విత్తేటప్పుడే చుట్టూ నాలుగు వరుసల ఆముదం ఒత్తుగా వేయండి. పూర్తిగా ఆగవు గానీ తాకిడి తగ్గుతుంది. వైరు కట్టి ఉంటే మాత్రం ఈరోజే తీసేయండి.