తెగే అంచున నిలిచిన తీగ

2023 డిసెంబరు 11వ తేదీన, భూమికి 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న సైకీ అంతరిక్ష నౌక నుండి ఒక చలనచిత్రం లేజర్ కిరణం మీద బయలుదేరింది. నిడివి 15 సెకన్లు. ఇతివృత్తం, కాంతి చుక్కను తరుముతున్న ఒక పిల్లి! 101 సెకన్ల ప్రయాణం తరువాత ఆ కిరణం కాలిఫోర్నియాలోని పాలొమార్ వేధశాలను చేరింది. కాని దారి పొడవునా అది విస్తరించి, పలచబడి, అక్కడి 200 అంగుళాల హేల్ దూరదర్శిని అద్దం మీద చినుకులు చినుకులుగా మాత్రమే రాలింది. ఆ చినుకులే ఫోటాన్లు. వాటిని ఒక్కొక్కటిగా పసిగట్టగలిగితేనే పిల్లి కనిపిస్తుంది.

ఆ పని చేసినది కంటికి ఆనని ఒక తీగ. 2001లో మాస్కోకు చెందిన గ్రిగరీ గోల్ట్స్‌మన్, ఆయన సహచరులు నియోబియం నైట్రైడ్ పొరతో ఇటువంటి తీగను చేసి, అది ఏకైక ఫోటాన్‌ను గుర్తించగలదని నిరూపించారు. దాని మందం కొద్ది నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఫోటాన్ తప్పించుకు పోకుండా ఆ తీగను అటూ ఇటూ మడతలుగా తిప్పి, చిన్న చాపవలె పరుస్తారు.

పాలొమార్‌లోని పరికరాన్ని సున్నాకు 272 డిగ్రీల సెల్సియస్ దిగువకు చల్లబరిచారు. అంతటి శీతలంలో తీగలోని ఎలక్ట్రానులు జంటలుగా కూడి, ఎట్టి నిరోధమూ లేక ప్రవహిస్తాయి. ఇదే అతివాహకత. అయితే ఆ స్థితిలో తీగ మోయగల విద్యుత్తుకు ఒక హద్దు ఉన్నది. శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకంగానే ఆ హద్దుకు రవంత దిగువ వరకు విద్యుత్తును పంపుతారు. తెగేదాకా లాగరాదని పెద్దల మాట. ఇక్కడ తెగే అంచు దాకా లాగి నిలపడమే కిటుకు.

అప్పుడు ఒక ఫోటాన్ వచ్చి పడుతుంది. దాని స్వల్ప శక్తికే వందలాది ఎలక్ట్రాను జంటలు విడిపోయి, ఆ చోట అతివాహకత నశిస్తుంది. ఏటి నడుమ బండ పడితే నీరు ఇరుపక్కలకూ ఒత్తిగిలినట్లు, విద్యుత్తు పక్కలకు మళ్లుతుంది. అక్కడ హద్దు మీరడంతో తీగ వెడల్పంతా నిరోధకంగా మారిపోతుంది. దారి మూసుకుపోయిన విద్యుత్తు పక్కనున్న ఆంప్లిఫయరు వైపు పొంగుతుంది. ఆ పొంగే ఫోటాన్ రాకకు సాక్ష్యం.

విద్యుత్తు పక్కకు తొలగినందువల్లనే తీగ మరల చల్లబడి, సెకనులో కోటవ వంతు వ్యవధిలోనే తరువాతి ఫోటాన్‌కు సిద్ధమవుతుంది. అలా కోలుకోలేక వేడిగానే ఉండిపోతే, ఆ పరికరం గుడ్డిదైనట్లే.

సైకీ పంపిన సందేశమంతా ఫోటాన్లు వచ్చిన క్షణాలలోనే ఇమిడి ఉన్నది. ఫలానా క్షణాన వస్తే ఒక అర్థం, మరు క్షణాన వస్తే మరొక అర్థం. కనుక ఎన్ని వచ్చాయన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, ఎప్పుడు వచ్చాయో కూడా తెలియాలి. ఈ తీగ రెండూ చెప్పింది. 2024 డిసెంబరులో అదే నౌక 49 కోట్ల కిలోమీటర్ల దూరం నుండి పంపిన సమాచారం కూడా భూమికి అందింది.

దృఢంగా ఉండడమే యంత్రానికి గుణమని లోకం ఎంచుతుంది. ఈ యంత్రం మాత్రం, అతి చిన్న తాకిడికి ఓడిపోగలదు కనుకనే చూడగలుగుతున్నది.