మనిషి కణాలున్నాయి, కుందేళ్లను వదిలేయండి!

మందుల కంపెనీల యాజమాన్యాలకు, ఫార్మసీ అధ్యాపకులకు, విద్యార్థులకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి

సెలైన్‌లోనో ఇంజక్షన్‌లోనో జ్వరం తెప్పించే మలినాలున్నాయేమో చూడటానికి దశాబ్దాలుగా ఒక పరీక్ష నడుస్తోంది. మూడు కుందేళ్లను మెడ కదలకుండా బిగిస్తారు. చెవి నరంలోకి మందు ఎక్కిస్తారు. మలద్వారంలో థర్మామీటరు పెట్టి గంటల తరబడి ఒంటి వేడి చూస్తారు. నోరులేని ప్రాణికి ఎందుకింత బాధ? ఆ మలినాల ఆచూకీ మనిషి రక్తంలోని తెల్లకణాలే ప్రయోగశాలలో చెప్పేస్తాయి. ఆ పరీక్ష పేరు మోనోసైట్ యాక్టివేషన్ టెస్ట్. కుందేళ్ల బదులు దీన్ని వాడుకోవచ్చని మన మందుల ప్రమాణాల గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా 2018లోనే ఒప్పుకుంది. యూరోపియన్ ఫార్మకోపియా అయితే 2024లో కుందేళ్ల పరీక్షను పూర్తిగా తొలగించాలనే నిర్ణయించింది. ఇక మన ప్రయోగశాలల్లో ఒక్క కుందేలునైనా ఎందుకు బిగించాలి?

జంతువుల మీద చూడకుండా మనుషులకిస్తే ప్రమాదం కాదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2006 మార్చిలో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కోతులకు అంతకు 500 రెట్లు ఇచ్చినా ఏమీ కాలేదు. ఈ ఆరుగురూ మాత్రం గంటన్నర తిరగకుండానే జబ్బుపడ్డారు. శరీరంలో పలు అవయవాలు దెబ్బతిన్నాయి. ప్రాణాలైతే దక్కాయి. ఆ మందు పట్టుకునే గుర్తు మనిషి రోగనిరోధక కణాల్లో కొన్నింటి మీద ఉంది, ఆ కోతుల్లోని అవే కణాల మీద లేదు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు మనిషి రక్తకణాలతోనే పరీక్ష రూపొందించి, ఆ ముప్పును ప్రయోగశాలలోనే పట్టుకున్నారు. మనం కోరుతున్నది ఇలాంటి పరీక్షలనే. ఇది జాలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, రోగి భద్రతకు కూడా.

చట్టం అడ్డు అనే మాట ఇక చెల్లదు. 1938 నుంచి ఉన్న జంతు పరీక్షల నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. మన కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలను సవరించి కణ పరీక్షలకు, చిప్ మీద పెంచిన అవయవ నమూనాలకు, కంప్యూటర్ నమూనాలకు గుర్తింపునిచ్చింది. అయినా కంపెనీలు పాత దారినే పోతుంటే కారణం భయమే. కొత్త పద్ధతిలో పరీక్షించి అనుమతికి పంపిన ఫైలు తిరిగొస్తే ఏళ్ల శ్రమ, కోట్ల ఖర్చు గంగలో కలుస్తాయి.

అందుకే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థను కోరుతున్నాం: ఏ పరీక్షకు బదులుగా ఏ పద్ధతిని ఒప్పుకుంటారో స్పష్టంగా రాసి ప్రకటించండి. బదులు ఉన్నచోట జంతువును వాడాలంటే కారణం చూపాలన్న నిబంధన పెట్టండి.

అన్ని పరీక్షలకూ ఈ రోజే బదులు లేదు. గర్భంలోని శిశువు మీద, ఏళ్ల తరబడి మొత్తం శరీరం మీద మందు చూపే ప్రభావాన్ని కణాలతోనే పూర్తిగా తేల్చలేం. ఆ లోటు తీరాలంటే పరిశోధనకు డబ్బు కావాలి. హైదరాబాద్‌లో కణ జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ ఉంది. దాని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో జంతువుల బదులు వాడే మానవ ఆధారిత నమూనాల కోసమే ఒక కేంద్రం పెట్టారు. నగర శివార్లలోనే జీనోమ్ వ్యాలీ, ప్రపంచానికి టీకాలు పంపే కంపెనీలు ఉన్నాయి. ఈ పని ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అవుతుంది?

ఫార్మసీ విద్యార్థులారా, కణాల పెంపకం మాకూ నేర్పండని మీ కాలేజీని అడగండి. ఉద్యోగులారా, మీ కంపెనీలో కుందేళ్ల పరీక్ష ఇంకా ఏ మందుకు జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో అడగండి. ఓటర్లారా, ఈ కరపత్రాన్ని మీ ఎంపీకి అందజేసి, పార్లమెంటులో ఈ ప్రశ్న వేయమని కోరండి.