ఉప్పుమళ్ళలో వెలుగు ఏతం

శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగబోయే విమానపు కిటికీలోంచి చూసినవారికి, అఖాతం అంచున కుంకుమ కలిపినట్లు ఎర్రబారిన ఉప్పుమళ్ళు కనబడే ఉంటాయి. ఆ రంగులో కొంత డునాలియెల్లా అనే నాచుది. కొంత హాలోబాక్టీరియం వంటి సూక్ష్మజీవులది. పేరులో బాక్టీరియా ఉన్నా, ఇవి ఆర్కియా అనే వేరొక శాఖకు చెందినవి.

ఈ జీవి పైపొరలో ఊదారంగు మచ్చలుంటాయి. ఆ మచ్చలలోని ప్రోటీనులో రెటినాల్ ఉన్నదని 1971లో డీటర్ ఓస్టర్‌హెల్ట్, వాల్తర్ స్టోకేనియస్ ప్రకటించారు. మనిషి కంటిలో వెలుగును పట్టేదీ ఆ పదార్థమే. అందుకే ప్రోటీనుకు బాక్టీరియోరొడాప్సిన్ అని పేరు పెట్టారు.

దీనిని 'అయాను మార్గం' అనీ, ఇది చేసే పనిని 'కిరణజన్య సంయోగక్రియ' అనీ వ్రాసేవారున్నారు. రెండు మాటలూ సరికావు. మార్గమంటే చెరువు తూము వంటిది. తలుపు తెరిస్తే నీరు పల్లానికి తానే పోతుంది. బాక్టీరియోరొడాప్సిన్ ఏతం. వెలుగు కణం ఒకటి తగిలినప్పుడల్లా ఒక ప్రోటానును కణం లోపలినుండి వెలుపలికి, ఎదురు వాలుకు తోడిపోస్తుంది. ఇక బొగ్గుపులుసు వాయువుతో ఆహారం తయారుచేయడం దీనికి చేతకాదు. ఆ విద్య రోడోబాక్టర్ వంటి ఊదా బాక్టీరియాలకు తెలుసు. వాటిది నిజమైన కిరణజన్య సంయోగక్రియే, అయితే అవి ప్రాణవాయువును విడువవు.

తోడిపోసిన ప్రోటానులు తిరిగి లోనికి రావాలంటే మరొక ప్రోటీను గుండా రావాలి. జలవిద్యుత్ కేంద్రంలో టర్బైను తిరిగినట్లు అది తిరుగుతూ ఏటీపీని తయారుచేస్తుంది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డులో కండరాలనుండి వేరుచేసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.) ప్రవాసాంధ్రుల సంచికలలో ఆయన ఫొటో కనబడుతూనే ఉంటుంది, ఆయన కనుగొన్న పదార్థం ఏం చేస్తుందో చెప్పే వాక్యం మాత్రం అరుదు.

ప్రోటానుల వాలే ఏటీపీకి మూలమని 1961లో పీటర్ మిచెల్ చెప్పినపుడు చాలామంది నమ్మలేదు. 1974లో ఎఫ్రయిం రాకర్, స్టోకేనియస్ ఒక చిత్రమైన అతుకు వేశారు. సోయా కొవ్వుతో చేసిన సూక్ష్మమైన బుడగలలో ఉప్పుజీవి ఏతాన్నీ, పశువు గుండెనుండి తీసిన టర్బైనునూ కలిపి అమర్చారు. వెలుగు పడగానే ఏటీపీ పుట్టింది. ఆ రెంటి నడుమ ప్రోటానుల వాలు తప్ప వేరే చుట్టరికం లేదు. మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

సైన్సు ప్రదర్శనకు ఉప్పునీటి జీవులమీద పని చేస్తానన్న అమ్మాయిని "దానివల్ల ఏ కాలేజీలో సీటొస్తుందమ్మా?" అని అడిగే ఇళ్ళు ప్రవాసాంధ్రులలో తక్కువేమీ కావు. 1971లో అదే మాట అడిగితే స్టోకేనియస్ వద్దా సమాధానం ఉండేది కాదు.

ఆ ప్రోటీను బంధువులను వెదుకుతూ పోగా, 2002లో క్లామిడోమోనాస్ అనే పచ్చనాచులో నిజమైన తూము దొరికింది: వెలుగు పడితే తెరుచుకునే అయాను మార్గం. 2005లో దానిని నరాల కణాలలో అమర్చి వెలుగుతో ఉత్తేజపరచారు. 2021లో, రెటీనా జబ్బుతో ఏళ్ళ తరబడి అంధుడైన ఒక రోగి కంటిలోకి, అటువంటి నాచు తూమును తయారుచేసే జన్యువును పంపిన ఫలితం వెలువడింది. చదవలేడు, ముఖాలు పోల్చుకోలేడు. ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకుని, బల్లమీది నోటుపుస్తకం ఎక్కడుందో చూసి, చేయిచాచి తాకగలిగాడు.