గల్ఫ్‌లో గడిచిన ఏళ్లు.. ఇక్కడ చెల్లని లైసెన్సులు
రెండేళ్ల సెలవు లెక్కలో దొర్లుతున్న పునరుద్ధరణ గడువు

కరీంనగర్, ఆదిలాబాద్: సౌదీ ఎడారి రహదారులపై ఏళ్ల తరబడి ట్రెయిలర్ నడిపిన మనిషి సొంతూరికి వచ్చి బావమరిది ద్విచక్ర వాహనం బయటకు తీస్తే, చట్టం దృష్టిలో లైసెన్సు లేని చోదకుడే కావచ్చు. ఇక్కడ తీసుకున్న లైసెన్సు బీరువాలో భద్రంగానే ఉంటుంది. దాని గడువు మాత్రం ఎప్పుడో ముగిసి ఉంటుంది. గల్ఫ్ వలసలకు పేరుపడ్డ ఉత్తర తెలంగాణలో, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ మొదలుకొని నిర్మల్, ఖానాపూర్, లక్షెట్టిపేట, జన్నారం వరకు ఈ సమస్య గడపగడపకూ తెలిసిందే. అయితే దీని లోతు పోలీసు తనిఖీలో దొరికినప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో గానీ బోధపడదు.

పాత మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనాలు నడిపే లైసెన్సు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అంతవరకు చెల్లేది. ఉదాహరణకు 2003లో పాతికేళ్ల వయసులో లైసెన్సు తీసుకుని దుబాయి విమానం ఎక్కిన యువకుడికి 2023 వరకు దాని ఊసే అక్కర్లేకపోయింది. 2000వ దశకంలో పెద్దసంఖ్యలో గల్ఫ్ బాట పట్టిన తరం లైసెన్సులు ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి చెల్లకుండా పోతున్నాయి. ఈలోగా చట్టమే మారింది.

ఐదేళ్లు కాస్తా ఏడాది

2019 నాటి సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు గడువు తీరిన లైసెన్సు కూడా 30 రోజులపాటు చెల్లుబాటయ్యేది. సవరణతో ఆ నెల రోజుల వెసులుబాటు పోయింది. అంతకన్నా పెద్ద మార్పు పునరుద్ధరణ విషయంలో జరిగింది. పూర్వం గడువు తీరి ఐదేళ్లు దాటితేనే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావలసి వచ్చేది. ఇప్పుడు ఏడాది దాటితే చాలు, పరీక్షలో నెగ్గితే తప్ప పునరుద్ధరణ లేదు. కాల పరిమితులూ మారాయి. 30 ఏళ్లలోపు వారికి 40 ఏళ్ల వయసు వరకు, 30 నుంచి 50 ఏళ్ల మధ్య వారికి పదేళ్లు, 55 దాటిన వారికి ఐదేళ్లు మాత్రమే లైసెన్సు ఇస్తారు. రవాణా వాహనాల లైసెన్సుకు మూడేళ్ల స్థానంలో ఐదేళ్ల గడువు వచ్చింది. లారీ, బస్సు నడిపే వారికి ఈ ఒక్కటే కాస్త ఊరట.

ఇదే సవరణలో గల్ఫ్ కార్మికులకు అక్కరకొచ్చే వెసులుబాటు కూడా ఉంది. గడువు ముగియడానికి ఏడాది ముందుగానే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. ముందు ఏడాది, తర్వాత ఏడాది కలిపితే రెండేళ్లు. గల్ఫ్ ఉద్యోగ ఒప్పందం సాధారణంగా రెండేళ్లది. రెండేళ్లకోసారి సెలవుపై వచ్చే మనిషికి ఏదో ఒక సెలవు ఈ పరిధిలో పడక తప్పదు. కొత్త గడువును పునరుద్ధరణ తేదీ నుంచే లెక్కిస్తారు కాబట్టి ముందుగా చేయించుకుంటే కొన్ని నెలలు నష్టపోవచ్చు. పరీక్ష తప్పుతుంది గనుక ఆ నష్టం లెక్కలోకి రాదు. చిక్కల్లా ఈ అవకాశం ఉన్నదన్న సంగతి తెలియకపోవడమే. నెల రోజుల సెలవు పెళ్లిళ్లకు, ఇంటి పనికి, అప్పుల లెక్కలకే చాలదు. బీరువాలోని కార్డుపై తేదీ చూసే తీరిక ఎవరికి?

ఈ లెక్కకు అందని వారు మరికొందరున్నారు. టికెట్ ఖర్చు భరించలేక నాలుగేళ్లకు గానీ ఇంటి ముఖం చూడని వారు, యజమాని వద్ద నుంచి బయటపడి ‘ఖల్లివల్లి’గా మిగిలి ఆమ్నెస్టీ కోసం ఎదురుచూసే వారు ఏ పరిధిలోకీ రారు. కరోనా కాలంలో కేంద్రం కొంత దయ చూపింది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులను 2021 అక్టోబరు 31 వరకు చెల్లుబాటయ్యేవిగా పరిగణించింది. ఆ తర్వాత పొడిగింపు లేదు. విమానాలు లేక, కొలువులు పోయి అక్కడే చిక్కుకున్నవారిలో ఎందరికో ఆ తేదీ అక్కడుండగానే దాటిపోయింది.

జిల్లా మారింది.. కార్డు మారలేదు

కార్డుపై ఏపీ 15 అని ఉంటే అది ఉమ్మడి కరీంనగర్‌ది, ఏపీ 01 అని ఉంటే ఉమ్మడి ఆదిలాబాద్‌ది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ఆదిలాబాద్‌కు టీఎస్ 01, కరీంనగర్‌కు టీఎస్ 02 వచ్చాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలకు వేర్వేరు కోడ్‌లు పుట్టాయి. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ అయింది. ఇరవై ఏళ్ల కిందట వెళ్లిన మనిషికి తన ఊరు ఏ జిల్లాలో ఉందో, తన దస్త్రం ఏ కార్యాలయంలో ఉందో తెలుసుకోవడమే ఒక పని.

చట్టం ఇక్కడ ఉదారంగానే ఉంది. లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికే వెళ్లాలన్న నియమం లేదు. ఏ లైసెన్సింగ్ అధికారి అయినా పునరుద్ధరించి, మొదట ఇచ్చిన కార్యాలయానికి ఆ సమాచారం పంపవచ్చు. కోరుట్ల మనిషి తిమ్మాపూర్‌లోని కరీంనగర్ రవాణా శాఖ కార్యాలయం దాకా పోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. అయితే పుస్తకం రూపంలో ఉన్న పాత లైసెన్సు వివరాలు కంప్యూటరులో కనిపించకపోయినా, ఆధార్‌లో ఒక జిల్లా, లైసెన్సులో మరో జిల్లా ఉన్నా పని ముందుకు సాగదు. సెలవు రోజులు కరిగిపోతుంటాయి. దళారికి గిరాకీ పుట్టేది సరిగ్గా ఇక్కడే.

రుసుము కూడా ఆలస్యంతో పాటు పెరుగుతుంది. 2016 డిసెంబరులో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం పునరుద్ధరణకు 200 రూపాయలు. ఆలస్యమైతే 300 రూపాయలతో పాటు జాప్యమైన ప్రతి ఏడాదికీ 1,000 రూపాయల చొప్పున అదనం. సేవా రుసుము వేరు.

గల్ఫ్ కార్డుకు విలువ లేదా?

దుబాయి, సౌదీ లైసెన్సు ఒక్కటే చేతబట్టుకుని ఊళ్లో బండి తీయడం కుదరదు. అలాగని అది చిత్తు కాగితమూ కాదు. కొత్త లైసెన్సు కోరే వ్యక్తి వద్ద అదే రకం వాహనానికి విదేశీ అధికార సంస్థ ఇచ్చిన లైసెన్సు ఉంటే, వైద్య ధ్రువపత్రానికి సంబంధించిన షరతుకు లోబడి, పరీక్ష అవసరం లేదని చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. పాత లైసెన్సు గడువు తీరి ఐదేళ్లు మించని వారికీ అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. పునరుద్ధరణకు సంబంధించిన 15వ సెక్షన్ మాత్రం ఏడాది దాటితే పరీక్ష తప్పదంటోంది. 2019లో ఒక చోట ఐదేళ్లను ఏడాదిగా మార్చినవారు రెండో చోట ఐదేళ్లను అలాగే వదిలేశారు. ఈ పొంతన లేనితనం దరఖాస్తుదారుకు లాభించాలే గానీ కౌంటరు వద్ద వాగ్వాదానికి దారితీయకూడదు. తిరిగొచ్చేటప్పుడు గల్ఫ్ కార్డును పారేయకుండా, గడువు ఉండగానే రవాణా అధికారులకు చూపడం మేలు.

విచిత్రమేమంటే, విదేశాల్లో ఉన్నవారి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గడువు తీరితే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారానే మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలును కేంద్రం 2021 జనవరిలో కల్పించింది. ఆ పర్మిట్‌కు ఆధారమైన దేశీయ లైసెన్సుకు అటువంటి ఏర్పాటు లేదు. పైగా స్థానిక నివాస వీసాపై పనిచేసే వారికి గల్ఫ్‌లో ఈ పర్మిట్‌తో పెద్దగా పని ఉండదు. అక్కడి లైసెన్సు తీసుకోవలసిందే. అంటే ఆ సదుపాయం అందింది ఒకరికి, అవసరం ఉన్నది మరొకరికి.

భారం ఇంటిమీదే

లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో 500 రూపాయలుగా ఉన్న జరిమానాను 2019 సవరణ 5,000కు పెంచింది. బండి ఇచ్చిన యజమానికీ అంతే మొత్తం. రోడ్డుపై అక్కడికక్కడే వసూలు చేసే మొత్తాన్ని రాష్ట్రాలు తమ ఉత్తర్వులతో నిర్ణయిస్తాయి. జరిమానాతో పోయేదైతే పెద్ద బాధ లేదు. ప్రమాదంలో ఎదుటివారు మరణించినా, గాయపడినా బీమా సంస్థ మొదట పరిహారం చెల్లించి, చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని తేలితే ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. 2004 జనవరిలో స్వరణ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ దారి చూపింది. గల్ఫ్ అప్పు తీరకముందే లక్షల రూపాయల భారం మరో రూపంలో ఇంటి మీద పడుతుంది.

ఉద్యోగాలకూ ఇదే అడ్డంకి. తెలంగాణ పోలీసు శాఖ డ్రైవర్ల నియామక వివాదంలో, రెండేళ్లపాటు నిరంతరంగా చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలన్న షరతు మధ్యలో విరామం వస్తే నెరవేరినట్లు కాదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. తర్వాత పునరుద్ధరించుకున్నా ఆ ఖాళీ పూడదు. చోదక వృత్తినే నమ్ముకుని తిరిగొచ్చిన వారికి ఒక్క మేలు జరిగింది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అద్దె కారు, చిన్న సరుకు బండి నడుపుకోవాలనుకునే వారికి ఇది చాలు. మొదట ఆ తేలికపాటి లైసెన్సు బతికి ఉండాలి.

వలస వెళ్లేవారికి ప్రయాణానికి ముందు ఇచ్చే అవగాహన శిక్షణలో పాస్‌పోర్టు, వీసా, బీమా గురించి చెబుతారు. బీరువాలో దాచి వెళ్లే లైసెన్సు గడువు ఏనాటిదో చూసుకోమని అక్కడే ఒక మాట చెప్పడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు. సెలవు టికెట్ చూపిన వారికి వారం లోపు స్లాటు ఇవ్వడం, పాత ఉమ్మడి జిల్లాల దస్త్రాలను దరఖాస్తు రాకముందే కంప్యూటరు ఎక్కించడం రవాణా శాఖ చేతిలో ఉన్న పనులే. వీటిలో దేనికీ చట్ట సవరణ అక్కర్లేదు.