గృహకృత్యములు: రెండు పాత టీపాయిలతో పుస్తకముల అరలు



గడచిన వర్షాకాలమున మా యింట నొక నష్టము జరిగినది. నేను బడికి పోయినదానను గాను. నాకు చదువు చెప్పినది మా నాయనగారు. వారి యనంతరము వారి భారత సంపుటములు నా పాలికి వచ్చినవి. వానిని గోడప్రక్క నేలమీదనే పేర్చి యుంచితిని. ఒకనాడు తీసి చూడగా అరణ్యపర్వము సగమునకు పైగా చెదలపాలై యున్నది. గ్రంథము మరల దొరకును. అంచులందు నాయనగారు నాకొఱకు వ్రాసిన యర్థములు ఏ యంగడిలో దొరకును? నన్నయభట్టు విడిచిన ఆ పర్వశేషమును పూరించుటకు ఎఱ్ఱన కలిగెను. మా నాయనగారి వ్రాతను పూరించువా రెవరు?

క్రొత్త బీరువా వెల విచారించి, పిల్లల బడి రుసుముల మాసమగుటచే ఊరకుంటిమి. పాతసామానుల అంగడిలో ఒకే కొలత గల టీపాయిలు రెండు, 400 రూపాయలకు దొరకినవి.

పాత కొయ్యను కొనునపుడు సన్నని రంధ్రములను చూడవలెను. వానినుండి క్రొత్తపిండి రాలుచున్నచో అది పుచ్చుకఱ్ఱ. ఎంత చౌకయైనను కొనరాదు. ఇంటికి తెచ్చినపిదప నల్లుల భయము పోవునట్లు సందులలో మరగిన నీరు పోసి, మూడు దినములు ఎండలో నుంచి, గరుకు కాగితముతో రుద్దవలెను.

ఒక టీపాయిమీద రెండవదానిని నాలుగు మూలలు కలియునట్లు నిలిపి, ఒక్కొక్క కాలిని లోపలివైపున ఇనుప మూలపట్టీతో క్రింది బల్లకు బిగింపవలెను. ముందుగా సన్నని రంధ్రము చేసి మరమేకును త్రిప్పినచో కొయ్య చీలదు. క్రింది టీపాయి అడ్డకఱ్ఱలపై ఒక పలక పఱచిన మూడు అరలగును. ప్రక్కలను, వెనుకను పాత నవారును అడ్డముగా బిగించి చీలలు కొట్టితిమి. పుస్తకములు జారవు, గాలియు ఆడును. ముందునకు పాత నూలుచీర ముక్క తెర యైనది.

పిదప అవిసెనూనె పూయవచ్చును. ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనగలవు. ఆరుబయట విడివిడిగా పఱచి ఆరనీయుడు.

కాళ్లక్రింద రాతిముక్కలు పెట్టి, గోడకు నాలుగంగుళముల యెడము విడువుడు. చెదలు మట్టిదారి కట్టుకొనియే పైకెక్కును గనుక, పక్షమున కొకసారి వెనుకవైపు చూచిన చాలును. బరువైన పుస్తకములు క్రింది యరలోనే యుండవలెను. పిల్లలు పట్టి లాగినను పడకుండ, గోడకొక కొక్కెము దిగవేసి పై టీపాయిని గట్టి తీగతో దానికి కట్టుడు. ఇది మఱువరాదు.

అన్నియు చేరి 600 రూపాయలకు మించలేదు.

మిగిలిన అరణ్యపర్వమును గుడ్డలో చుట్టి పై యరలో నుంచితిని. చెదలు తిన్న పుస్తక మేల యని మా అమ్మాయి యడిగినది. విప్పి తాతగారి దస్తూరి చూపితిని. నాటినుండి ప్రతిసాయంకాలము అదియే తెచ్చి నా యెదుట కూర్చుండును. పోయిన యర్థములలో నాకు జ్ఞప్తి యున్నవి చెప్పుచుంటిని. అది నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నది.

మీ పుస్తకములు నేలమీద నున్నయెడల నేడే యెత్తి చూడుడు.