బిళ్లగన్నేరు మందే... కానీ దేనికి?

మా వీధి చివర మాస్టారి ఇంటి ప్రహరీ పక్కన వరసగా బిళ్లగన్నేరు మొక్కలుంటాయి. కొన్నిటికి గులాబీ రంగు పూలు, కొన్నిటికి మధ్యలో ఎర్రచుక్క ఉన్న తెల్లపూలు. నీళ్లు పోసినా పోయకపోయినా ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటాయి. మేకలు కూడా వాటి జోలికి పోవు. మొన్నామధ్య అటు వెళ్తూ చూస్తే పూలున్నాయిగానీ ఆకులు లేవు.

‘పురుగు పట్టిందా మాస్టారూ?’ అని అడిగాను.

‘పురుగు కాదమ్మా, నేనే’ అంటూ నవ్వారు. రోజూ పది ఆకులు మిక్సీలో వేసి పరగడుపున తాగుతున్నారట. షుగరుకి. పార్కులో వాకింగ్ మిత్రుడు చెప్పాడట. ఆ మిత్రుడికి వాట్సాప్‌లో వచ్చిందట. ‘నెల రోజుల్నుంచి మాత్ర కూడా ఒక పూట మానేశా’ అన్నారు గొప్పగా. ఆయన రిటైరైంది లెక్కల మాస్టారుగా. ఏదైనా రుజువు లేకుండా ఒప్పుకునే మనిషి కాదు. మరి ఇదెలా ఒప్పుకున్నారో!

బిళ్లగన్నేరు మందుమొక్క కాదని ఎవరూ అనలేరు. దాన్నుంచి వచ్చిన మందులు ప్రపంచంలోని చాలా పెద్దాసుపత్రుల్లో ఉన్నాయి. కాకపోతే షుగరు వార్డులో కాదు, క్యాన్సర్ వార్డులో. అక్కడికెలా చేరాయన్నదే అసలు కథ. ఆ కథ మొదలైంది మాత్రం షుగరుతోనే.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. అందులో పాతిక బిళ్లగన్నేరు ఆకులున్నాయి. అక్కడివాళ్లు షుగరుకి వీటితో టీ కాచుకు తాగుతున్నారంటూ ఆయన పేషెంట్ ఒకరు పంపారు. ఆయన ఆ ఆకుల్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చాడు. రాబర్ట్ వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. ఆకుల సారం ఎలుకలకు తాగించి చూశాడు. రక్తంలో చక్కెర చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు చచ్చిపోయాయి. అవి చచ్చింది చక్కెర తగ్గి కాదు, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి. పరీక్షిస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, ఎముకల్లోని మజ్జ దెబ్బతింది.

ఇంకొకరైతే ఆ ఆకుల్ని చెత్తబుట్టలో పడేసేవారేమో. నోబుల్ మరోలా ఆలోచించాడు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బు ఒకటుంది కదా... లుకేమియా. తెల్లకణాల్ని తగ్గించే పదార్థం అక్కడ పనికిరాదా? చార్లెస్ బీర్ అనే రసాయనవేత్తతో కలిసి ఆ పదార్థాన్ని వేరు చేశాడు. 1958లో లోకానికి చెప్పాడు. అదే విన్‌బ్లాస్టిన్. అదే రోజుల్లో అమెరికాలోని ఎలి లిల్లీ కంపెనీ కూడా ఇదే మొక్క మీద పనిచేస్తోంది. ఆ కంపెనీ నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది, 1963లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. పిల్లల్లో వచ్చే లుకేమియాకు ఇతర మందులతో కలిపి ఇచ్చే చికిత్సలో ఈనాటికీ దాని చోటు దానిదే. ఒకప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో బతికి బయటపడేది బహు కొద్దిమంది. ఇప్పుడు మంచి చికిత్స అందేచోట అత్యధికులు బతుకుతున్నారు.

కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాల్లాంటివి ఏర్పడతాయి. ఈ మందులు ఆ దారాల్ని అల్లుకోనివ్వవు. దాంతో కణం చీలలేక చచ్చిపోతుంది. క్యాన్సర్ కణం వేగంగా చీలుతుంది కనుక ముందు దానికే దెబ్బ. అయితే మంచి కణాల్నీ వదలవు. విన్‌క్రిస్టిన్‌తో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది. అందుకే ఒక్కసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాన్ని నరంలోకే ఎక్కించాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాంతకం. అంత లెక్కగా వాడే మందు అది.

ఇదంతా చెబితే మాస్టారు ఊరుకుంటారా? లెక్క తీశారు. ‘ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలని నువ్వే అంటున్నావ్. మరి నా పది ఆకుల్లో ఏముంటుందమ్మా?’

మంచి ప్రశ్న. నిజమే, పది ఆకుల్లో ఆ మందు లేశమంతే. కానీ ఆకులో ఉన్నది అదొక్కటే కాదు. ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. రక్తపోటు మీద పనిచేసేవీ వాటిలో ఉన్నాయి. ఏ ఆకులో ఏది ఎంతుందో మొక్కనుబట్టి, నేలనుబట్టి మారిపోతుంది. ఈ మొక్క కషాయం తాగాక ఎముక మజ్జ తీవ్రంగా దెబ్బతిన్న సంఘటన ఒకటి 2004లో వైద్య పత్రికకెక్కింది. ఇక షుగరు సంగతంటారా... తర్వాతి కాలంలో ఆకు సారం ఇచ్చిన ఎలుకల్లో చక్కెర తగ్గిందని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి. అవి ఎలుకలు. మనుషులు రోజుకు ఇన్ని ఆకులు తాగితే మేలనిగానీ, ఇన్నయితే ప్రమాదం లేదనిగానీ తేల్చిన నమ్మకమైన పరీక్ష లేదు. ఒకవేళ ఆకు నిజంగానే పనిచేసిందనుకున్నా చిక్కే. మాత్రతో కలిసి చక్కెర మరీ పడిపోతే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గర్భిణులైతే దీని దరిదాపులకు వెళ్లకూడదు.

‘మాత్రంటే కెమికల్, ఆకంటే ప్రకృతి’ అన్నది మాస్టారి చివరి అస్త్రం. ఆయన ఒక పూట మానేసిన మాత్ర మెట్‌ఫార్మిన్. దాని పుట్టుక కూడా ఒక పూలమొక్క దగ్గరే! యూరప్‌లో గలేగా అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. అందులోని పదార్థం చక్కెరను తగ్గిస్తుంది, కానీ విషం. దాని పోలికతోనే, అంత విషం లేకుండా తయారైందే మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే డాక్టరు దాన్ని షుగరు రోగుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. అప్పట్నుంచి లక్షలాదిమంది మీద దాని మంచీచెడూ చూస్తూనే ఉన్నారు. ఈ మాట విన్నాక మాస్టారు కాసేపు మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ రసం తాగుతుంటే కోప్పడకండి, దాచుకుంటారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎన్నాళ్లుగా, ఎంత తాగారో, ఏ మాత్ర మానేశారో ఉన్నదున్నట్టు చెప్పించండి. రక్తకణాల పరీక్ష, షుగరు పరీక్ష చేయించండి. జ్వరం తగ్గకపోయినా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించినా ఆలస్యం చేయొద్దు. మొక్కను మాత్రం పీకెయ్యక్కర్లేదు. కుండీలో ఉన్నంత మాత్రాన ఏమీ చెయ్యదు. ఆకులు తుంచితే చేతులు కడుక్కోండి, పసిపిల్లల నోట్లోకి పోనివ్వకండి, చాలు.

మాస్టారు కిందటి వారం పరీక్షలు చేయించుకున్నారు. తెల్లకణాలు బాగానే ఉన్నాయట. పరగడుపు షుగరు మాత్రం 190 దాటింది. రెండు పూటలా మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. నిన్న అటు వెళ్తే ప్రహరీ పక్కన మొక్కలు కొత్త చిగుళ్లు వేస్తూ కనిపించాయి.